పూసగుచ్చినట్టు చెప్పిన సాక్ష్యం

ఫోటోలో మనిషి ఉంది, ముఖం లేదు. ముఖం ఉండాల్సిన చోట పూసలున్నాయి. పూసలు కుట్టిన పతకాలు, జడ బిళ్లలు, హారాలు, చిన్న సంచులు ఒకదాని మీద ఒకటి పరుచుకుని నుదుటి దగ్గర్నుంచి కప్పేశాయి. వెనక దీపాలు వెలిగే పెద్ద పెట్టెలో ఆ ఫోటోను అమర్చారు కాబట్టి ఓపికుంటే ఒక్కో పూసా లెక్కపెట్టుకోవచ్చు. చూసేవాళ్లు అలవాటు కొద్దీ కళ్ల కోసం వెతుకుతారు, దొరకవు. కెనడాలో పనిచేసే హంక్‌పాపా లకోటా కళాకారిణి డానా క్లాక్స్టన్ తీసిన ‘హెడ్‌డ్రెస్’ వరసలోని చిత్రాలివి. వాటిలోవి వేషం కోసం తెచ్చిన సామాన్లు కావు. ఆదివాసీ మహిళలు నిజంగా ధరించేవి, అపురూపంగా దాచుకునేవి. ఆమెను చూడాలంటే ముందు ఆమె వాళ్లు కుట్టినదాన్ని చూడాలి. అది చదవడం రానివాళ్లకు ఆమె ముఖం చూపించే పని లేదని ఆ ఫోటో తేల్చి చెబుతుంది.

ఏ సంగతినైనా వరస తప్పకుండా, ఒక్క వివరమూ జారిపోకుండా చెబితే మనం పూసగుచ్చినట్టు చెప్పారంటాం. ఉత్తర అమెరికా ఆదివాసీ కళాకారులు గత ముప్పై నలభై ఏళ్లుగా ఫోటోను, రంగును, పూసను కలిపి చేస్తున్న పనికి ఇంతకన్నా సరిపోయే మాట నాకు తోచదు. ఫోటో దాచినదాన్నీ, చట్టం తుడిచేసినదాన్నీ ఆ పూసలు వరసగా చెబుతున్నాయి. సాక్ష్యానికి ఉండే బరువు వాటికుంది. అలాంటి పనిని హస్తకళల ఖాతాలో వేసి, ఎంత ఓపికో, ఎంత అందమో అని మెచ్చుకుని ముందుకు సాగిపోతే అది చెబుతున్నదాంట్లో సగం మన చెవిన పడదు. మ్యూజియాలు చాలాకాలం చేసిన పొరపాటు అదే. పత్రికలు ఇప్పటికీ చేస్తున్నదీ అదే.

ఫోటోకు జవాబు చెప్పాల్సిన అవసరం ఎందుకొచ్చిందో ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ కర్టిస్ పని చూస్తే అర్థమవుతుంది. బ్యాంకరు జె.పి. మోర్గన్ సమకూర్చిన డబ్బుతో ఆయన తెగ తర్వాత తెగ తిరిగి, 1907 నుంచి 1930 దాకా ‘ది నార్త్ అమెరికన్ ఇండియన్’ పేరుతో 20 సంపుటాలు వెలువరించాడు. వీళ్లంతా అంతరించిపోతున్న జాతి అని ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి అడ్డొచ్చిన వస్తువొకటి 1910 ప్రాంతంలో తీసిన ఒక ఫోటోలో పడింది. పీగన్ తెగవారి గుడారంలో ఇద్దరు మగవాళ్లు కూర్చుని ఉన్నారు. చుట్టూ వాళ్ల సామాను. ఇద్దరి మధ్యా ఒక గడియారం. పుస్తకంలో అచ్చయ్యేసరికి గడియారం మాయమైంది, దాన్ని తుడిచేశారు. అసలు నెగెటివ్ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో మిగిలింది గనక ఈ సంగతి మనకు తెలుస్తోంది. గడియారం ఉంటే ఆ ఇద్దరూ ఇరవయ్యో శతాబ్దంలో, అందరిలాగే టైము చూసుకుంటూ బతుకుతున్న మనుషులు. అది లేకపోతే ఏనాటివాళ్లో, ఎక్కడివాళ్లో తెలియని బొమ్మలు. కర్టిస్‌ను దుర్మార్గుడిగా నిలబెట్టాలని కాదు. ఎన్నో కుటుంబాలకు తాతముత్తాతల రూపం మిగిలింది ఆయన తీసిన ఫోటోల్లోనే. అయినా ఆ గడియారాన్ని తుడిచిన చెయ్యి ఒక్క ఫోటోతో ఆగలేదు. వందేళ్ల పాటు ఆదివాసీ అనగానే జనం మనసులో మెదిలే రూపాన్ని అది దిద్దింది.

ఆ రూపాన్ని తిరిగి దిద్దడానికి క్రో తెగకు చెందిన వెండీ రెడ్ స్టార్ తీసుకున్న పరికరం ఎర్ర సిరా కలం. 1880లో ఆరుగురు క్రో నాయకులు ప్రభుత్వంతో మాట్లాడటానికి వాషింగ్టన్ వెళ్లినప్పుడు చార్లెస్ మిల్టన్ బెల్ అనే ఫోటోగ్రాఫర్ స్టూడియోలో వాళ్లను ఒక్కొక్కరినీ ఫోటో తీశాడు. వారిలో మెడిసిన్ క్రో రూపం తరవాత్తరవాత ఎవరి అనుమతీ లేకుండా ఎక్కడెక్కడికో పోయింది, చివరికి టీ సీసా లేబుల్ మీదికీ ఎక్కింది. 2014లో రెడ్ స్టార్ ఆ ఫోటోల నకళ్లు తీసుకుని వాటి మీదే రాసింది. చొక్కాకు వేలాడే తెల్లటి బొచ్చు ఏ పరాక్రమానికి గుర్తో, జుట్టు ఎందుకలా దువ్వారో, చేతిలో ఈక ఏమిటో, ప్రతి వస్తువు చుట్టూ ఎర్రగీత గీసి పక్కన వివరం పెట్టింది. బడిలో పంతులు తప్పులు దిద్దే రంగు అది. అప్పటిదాకా ‘ఇండియన్ నాయకుడు’ అన్న రెండు మాటల్లో ఇరుక్కున్న మనిషికి పేరు, ఘనత, చుట్టాలు, చరిత్ర తిరిగొచ్చాయి. ఫోటోలోని దుస్తుల మీద ఆ అక్షరాలు అంతకుముందే ఉన్నాయి. చదవడం వచ్చినవాళ్ల చేతికి ఆ ఫోటో అందలేదు, అంతే.

షెల్లీ నైరో పని దగ్గర ఇంకొంచెం సేపు ఆగాలి. మోహాక్ జాతికి చెందిన ఈమె ఫోటోలు తీస్తుంది, బొమ్మలు వేస్తుంది, పూసల పని చేస్తుంది, సినిమాలూ తీసింది. 1990 వేసవిలో కెనడాలోని ఓకా దగ్గర, పూర్వీకుల సమాధులున్న నేల మీదికి గోల్ఫ్ మైదానాన్ని విస్తరించబోతే మోహాక్‌లు అడ్డుకున్నారు. 78 రోజుల పాటు ముందు పోలీసులకూ, తర్వాత సైన్యానికీ వాళ్లు ఎదురుగా నిలబడ్డారు. పత్రికల నిండా ముఖానికి గుడ్డ కట్టుకున్న మగవాళ్లు, తుపాకులు. మరుసటి ఏడాది నైరో తన అక్కచెల్లెళ్ల జుట్టును తేనెపట్టులా పైకి దువ్వించి, మంచి బట్టలు కట్టించి, నవ్వుతూ తుళ్లుతూ ఉండగా ఫోటోలు తీసి వాటికి చేత్తో రంగులద్దింది. మన పాత స్టూడియోల్లో పెళ్లి ఫోటోలకు బుగ్గల మీద గులాబీ, చీర అంచుకు పసుపు అద్దేవారే, అలాంటి పనే. 1992లో, కొలంబస్ వచ్చి 500 ఏళ్లయిందని అమెరికా పండగ చేసుకుంటుంటే, ఆమె మూడేసి ఫోటోలను పక్కపక్కన పెట్టి ఒక వరస తయారుచేసింది. అందులో ఒకటి చూడండి. ఎడమవైపు మార్లిన్ మన్రోలా తెల్ల గౌను, బంగారు రంగు విగ్గు పెట్టుకున్న నైరో. గౌను ఎగరడానికి కింద ఒక టేబుల్ ఫ్యాను. ఆ ఫ్యానును ఆమె దాచలేదు. నడుమ పాతబడ్డ కుటుంబ ఫోటో. కుడివైపు మామూలు బట్టల్లో ఆమే. కర్టిస్ గడియారాన్ని తీసేశాడు, ఈమె ఫ్యానును అందరికీ కనపడేలా ఉంచింది. ఇక ఆ మూడు ఫోటోల చుట్టూ ఉన్న అట్ట మీద చేత్తో తొలిచిన చిన్నచిన్న రంధ్రాలున్నాయి. అవి పూసల పనిలో వచ్చే ముగ్గుల వరస. పూసలు లేవు, పూసలు నడిచే దారి ఉంది. ఫోటోను ఏ సరిహద్దులోంచి చూడాలో ఆ దారే నిర్ణయిస్తుంది.

ఈ వాదనకు మొదటగా వచ్చే అభ్యంతరం తెలిసిందే. గాజు పూసలు ఐరోపావాళ్లు తెచ్చినవి కదా, వాటిని ఆదివాసీ సంప్రదాయం అనడం ఎలా అని. నిజమే, వెనిస్ దగ్గరి మురానోలోనూ, బొహీమియాలోనూ తయారైన పూసలు బొచ్చుతోళ్ల వ్యాపారులతో కలిసి ఆ ఖండంలోకి వచ్చాయి. అంతకుముందు గుల్లలు, ఎముకలు ఉండేవి. ఏదుపంది ముళ్లను మెత్తబరిచి, అణిచి, రంగులద్ది తోలు మీద కుట్టేవారు. గాజు చేతికందాక ముళ్ల పనిలోని లెక్కలు, కొలతలు, బొమ్మలు దానిలోకి వచ్చి కూర్చున్నాయి. ఇందులో వింతేముంది? మిరపకాయ మన దగ్గరికి వచ్చింది ఆ ఖండం నుంచే, పోర్చుగీసువాళ్ల ఓడల్లోనే. ఆవకాయ పరాయిదని ఏ తెలుగువాడైనా అంటాడా? ఎక్కడ పుట్టిందన్నదానికంటే, ఎవరి చేతిలో ఏమైందన్నదే సంప్రదాయాన్ని తేలుస్తుంది. పూసల సంగతి మనకు కొత్తదీ కాదు. తిరుపతి జిల్లాలోని పాపానాయుడుపేటలో కరిగిన గాజును సన్నటి గొట్టంలా లాగి, ముక్కలు చేసి పూసలు తయారుచేసే పద్ధతి తరతరాలుగా వచ్చింది. హిందూ మహాసముద్రం చుట్టూ శతాబ్దాల పాటు తిరిగిన చిన్న పూసలు ఆ పద్ధతిలో పుట్టినవే. మళ్లీ వెనిస్ సంగతికొస్తే, 2024లో అక్కడి బినాలె కళా ప్రదర్శనలో అమెరికా పెవిలియన్‌కు ఒంటరిగా ప్రాతినిధ్యం వహించిన తొలి ఆదివాసీ కళాకారుడు జెఫ్రీ గిబ్సన్. మిసిసిపీ చొక్తా తెగవాడు, చెరోకీ మూలాలూ ఉన్నాయి. ఆయన అక్కడికి తీసుకెళ్లినవాటిలో పూసలు కుట్టిన మనిషి ప్రతిమలు, పూసలు పొదిగిన రంగుల చిత్రాలు ఉన్నాయి. ఒకనాడు అదే జలాల్లోంచి సరుకుగా బయల్దేరిన వస్తువు మాటలు నేర్చుకుని తిరిగొచ్చింది.

రెండో అభ్యంతరం దీనికన్నా గట్టిది. చేతిపనిలో నేర్పు ఉంటుంది సరే, కొత్త ఆలోచన ఏముంటుంది, అమ్మమ్మ కుట్టిందే మనవరాలు కుడుతుంది కదా అంటారు. లకోటా కళాకారిణి డయానీ వైట్ హాక్ దీనికి జవాబు మాటల్లో చెప్పలేదు, కట్టి చూపించింది. 2022లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం ద్వైవార్షిక ప్రదర్శనలో ఆమె పెట్టిన ‘వోపిలా | లినియేజ్’ 14 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. సన్నటి గొట్టాల్లాంటి గాజు పూసలు అందులో ఐదు లక్షలకు పైగా ఉన్నాయి. వోపిలా అంటే లకోటా భాషలో గాఢమైన కృతజ్ఞత. దూరం నుంచి చూస్తే ఇరవయ్యో శతాబ్దపు అమెరికన్ అమూర్త చిత్రంలా, రంగుల త్రికోణాల గోడలా ఉంటుంది. ఆ పోలిక ఆమె కావాలని తెచ్చిందే. 1941లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం పెట్టిన ఆదివాసీ కళల ప్రదర్శనలో నవాహోలు ఇసుకతో బొమ్మలు వేస్తుంటే అమూర్త చిత్రకారుడు జాక్సన్ పొల్లాక్ చూశాడు. 1946లో మరో అమూర్త చిత్రకారుడు బార్నెట్ న్యూమన్ స్వయంగా వాయవ్య తీరపు ఆదివాసీ చిత్రాలతో ప్రదర్శన నిర్వహించాడు. వాళ్లు నేర్చుకున్నది గొప్ప కళ అయింది. వాళ్లకు నేర్పింది మాత్రం గిడ్డంగిలో చీటీ కట్టి ఉండిపోయింది. లకోటా ఆడవాళ్లు రూపం లేని రూపాలతో, ఉత్త రంగుతో, కోణంతో ఆలోచించడం అంతకు చాలా ముందే మొదలుపెట్టారు. వైట్ హాక్ గోడ ముందు నిలబడినవాళ్లకు ఎవరు ముందు, ఎవరు వెనక అన్న ప్రశ్న తప్పదు. అమ్మమ్మ కుట్టింది మనవరాలు కుడుతుందన్న మాటనే తీసుకుంటే, కర్ణాటక సంగీతంలో అదే రాగాన్ని పాడుతున్నారని ఎవరూ తప్పుపట్టరు కదా.

ఇదంతా రాజకీయం, నినాదాన్ని అందంగా చుట్టి ఇస్తున్నారు అనేవాళ్లూ ఉన్నారు. కళాకారిణి రూత్ కట్‌హ్యాండ్ చేసిన ‘ట్రేడింగ్’ అనే వరసను వాళ్లు ఒకసారి చూడాలి. నల్లటి నేల మీద గుండ్రంగా, పూలలాగో నక్షత్రాలలాగో పూసలు. మెడలో వేసుకోవాలనిపించేంత ముచ్చటగా ఉంటాయి. దగ్గరికి వెళ్లి పేరు చదివితే మశూచి, ఇంకో చోట తట్టు. సూక్ష్మదర్శిని కింద రోగక్రిములు ఎలా కనిపిస్తాయో అలా కుట్టింది. మొత్తం 12 ఉన్నాయి. వ్యాపారంతో పాటు ఐరోపా నుంచి వచ్చిన 11 రోగాలు గాజు పూసల్లో, అమెరికా నుంచి ఐరోపాకు పోయిందని చెప్పే సిఫిలిస్ ఒక్కటి ఏదుపంది ముళ్లలో. ఏ రోగం ఎటు నుంచి వచ్చిందో దాన్ని కుట్టిన పదార్థమే చెబుతోంది. నినాదం మొదటి క్షణంలోనే పూర్తయిపోతుంది. ఇది ముందు ముచ్చట గొలిపి, ఆ తర్వాత ఆ ముచ్చట పడినందుకు మనల్ని ఉలిక్కిపడేలా చేస్తుంది. మేటీ జాతికి చెందిన కళాకారిణి క్రిస్టీ బెల్‌కోర్ట్ పిలుపుతో కదిలిన ‘వాకింగ్ విత్ అవర్ సిస్టర్స్’ కూడా ఇలాంటిదే. తప్పిపోయిన, హత్యకు గురైన ఆదివాసీ మహిళల కోసం జనం 1,700 జతలకు పైగా మొకాసిన్ చెప్పుల పైభాగాలను మాత్రమే కుట్టి పంపారు. అడుగుభాగం కుట్టలేదు. నడవడానికి మనిషి లేదు కాబట్టి చెప్పు పూర్తి కాలేదు.

మార్కెట్ సంగతిలో మాత్రం అభ్యంతరం చెప్పేవాళ్లతో నేను చాలావరకు ఏకీభవిస్తాను. పేరు వచ్చినచోటికి నకిలీ వస్తుంది. ఆదివాసీలు చేయనిదాన్ని ఆదివాసీ కళగా అమ్మితే తొలిసారికే ఐదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా అని అమెరికా 1990లో చట్టం చేయాల్సి వచ్చిందంటే జబ్బు ఎంత ముదిరిందో ఊహించుకోవచ్చు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఐదు లక్షల పూసలు ఒక్క మనిషి గుచ్చలేదు, వైట్ హాక్ పెద్ద బృందంతో కలిసి పనిచేసింది. గోడ మీద పేరు ఒకరిదే ఉంటే మిగతా చేతులు మళ్లీ ‘తెలియని కళాకారుల’ జాబితాలోకే పోతాయి. అందుకే, ఈ పనిని కళగా గౌరవించడమంటే ఎక్కువ ధరకు కొనడం ఒక్కటే అనుకుంటే సరిపోదు. కుట్టినవాళ్ల పేర్లన్నీ రాయాలి. మన దగ్గర లంబాడీ కుట్టుపని అమ్మే చోట సాధారణంగా తెగ పేరు ఉంటుంది, అద్దాలు, గవ్వలు, పూసలు కుట్టిన ఆమె పేరు ఉండదు. ‘లంబాడీ వర్క్’ అనేది సంతకం కాదు. చీటీ మీద ఆమె పేరు, తండా పేరు రాయడానికి ఏ అకాడమీ అనుమతీ అక్కర్లేదు.

ఫోటోల విషయంలోనూ మనకు నేరుగా తగిలే సంగతి ఒకటుంది. 1940లలో హైదరాబాద్ సంస్థానంలో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ చెంచుల మధ్య, కొండరెడ్ల మధ్య, ఆదిలాబాద్ గోండుల మధ్య ఉండి వేల ఫోటోలు తీశాడు. గోండుల ఊరు మార్లవాయిలో ఇప్పటికీ ఆయన్ను, భార్య బెట్టీని తలుచుకుంటారు. గోండుల భూముల కోసం పాటుపడిన మనిషి, కర్టిస్‌తో ఒకే గాటన కట్టడం అన్యాయం. కానీ ఆ ఫోటోలు ఇప్పుడున్నది లండన్‌లో, సోయాస్ విశ్వవిద్యాలయం భాండాగారంలో. వాటిలో ఉన్న నగ ఏ ఇంటిదో, పూసల దండ ఏ పెళ్లికి వేసుకున్నదో, పక్కన నిలబడ్డ పిల్ల ఎవరి అమ్మమ్మో చెప్పగలిగినవాళ్లు ఆసిఫాబాద్, ఉట్నూరు ఊళ్లలో ఉన్నారు. వాళ్లు రోజురోజుకూ తగ్గిపోతున్నారు. వెండీ రెడ్ స్టార్ చేసిన పనికి కావాల్సిందల్లా ఫోటో నకలు, ఒక కలం, వినే ఓపిక. మన గిరిజన మ్యూజియాలు ఆ నకళ్లు తెప్పించి, ఆ ఊళ్ల యువతీయువకుల చేతికిచ్చి, మీకు తెలిసింది దీని మీదే రాయండి, కుట్టండి, రంగు వేయండి అని చెప్పడానికి పెద్ద బడ్జెట్ అవసరం లేదు. బయటివాళ్లు తీసిన ఫోటో మీద లోపలివాళ్ల చెయ్యి పడే హక్కును ఒప్పుకోవడమే కష్టం.

ఆ చెయ్యి ఎంత దూరం పోగలదో నాడియా మైర్ చేసిన పని చూపిస్తుంది. కెనడాలో ఆదివాసీ ఎవరు, ఎవరు కాదు అని తేల్చే ‘ఇండియన్ యాక్ట్’ 1876 నాటిది. ఆదివాసీలు కానుకలు పంచే పోట్లాచ్ వేడుకను అది 1951 దాకా నేరంగా ఉంచింది. బయటివాణ్ని పెళ్లాడిన ఆదివాసీ స్త్రీకి ఆ హోదాయే లేకుండా చేసిన నిబంధన 1985 దాకా నడిచింది. అల్గాంక్విన్ కళాకారిణి మైర్ ఆ చట్టంలోని 56 పేజీలను తీసుకుని, 230 మందికి పైగా జనాన్ని కూడగట్టి వాటిని పూసలతో కప్పించింది. అక్షరం ఉన్నచోట తెల్ల పూస, ఖాళీ ఉన్నచోట ఎర్ర పూస. పేజీ పేజీలాగే ఉంటుంది, వాక్యాలు వాక్యాల్లాగే పొడవుగా సాగుతాయి, చదవడానికి మాత్రం ఏమీ మిగలదు. ఒక్కో మాట మీద ఒక్కో మనిషి తల వంచుకుని కూర్చున్న గంటలు మాత్రం మిగిలాయి. కుట్టినవాళ్లలో ఆరితేరినవాళ్లు, మొదటిసారి సూది పట్టినవాళ్లు, ఆదివాసీలు, కానివాళ్లు అందరూ ఉన్నారు. కొన్ని పేజీలు నిండుగా ఉన్నాయి. కొన్ని సగంలో ఆగాయి. అక్కడ పూసల వరస అయిపోయిన చోటి నుంచి చట్టం అక్షరాలు నల్లగా, స్పష్టంగా మళ్లీ మొదలవుతాయి. ఆ చట్టం సవరణలతో ఇంకా అమల్లో ఉంది.